మాజీ గారింట్లో జప్తు

కోర్టు అమీనుగా ముప్పైయేళ్ళ పైచిలుకు చేసి దిగిపోయాను. అమీను అంటే ఏమిటో ఇవాళ చాలామందికి తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. అప్పు కేసులో జడ్జిగారు తీర్పు చెప్తారు. ఓడినవాడు డబ్బు కట్టడు. అప్పుడు ఆ కాగితం పట్టుకుని వాడింటికి వెళ్ళి, బీరువాలెన్ని, కుర్చీలెన్ని అని జాబితా రాసుకుని, సామాను బండికెక్కించి కోర్టుకి చేర్చేవాడు అమీను. తీర్పు ఫ్యాను కింద కూర్చుని చెప్తారు. దాని తాలూకు తిట్లు మనం ఎండలో నిలబడి తింటాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను తొక్కని గడప తక్కువ. నన్ను పెళ్ళికి పిలిచిన గడప ఇంకా తక్కువ. పిలిస్తే వీడు భోజనం మానేసి కుర్చీలు లెక్కపెడతాడని మా చుట్టాలే అనేవారు.

ఈమధ్య ఈ ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి ఏవైనా మెలకువలు చెప్పమని అడిగారు. ప్రమోషన్ల గురించి నన్నడగొద్దు, నాకు రాలేదు. ఫారాలు నింపడం ఆఫీసులో నేర్పుతారు. ఆఫీసులో చెప్పనివి కొన్ని ఉన్నాయి. అందులో ముఖ్యమైనది నేను చేసిన తప్పుడు పని. అది చివర్లో వస్తుంది. చదవకుండా దాటెయ్యకండి.

పొద్దు గుంకితే ఇంతే సంగతులు

పొద్దు గుంకాక అమీను ఎవరి ఇంట్లోనూ అడుగు పెట్టకూడదు, జప్తు చెయ్యకూడదు. చట్టం అది. ఈ సంగతి కొత్త అమీనులకంటే అప్పులవాళ్ళకి బాగా తెలుసు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో భావనపాడులో అప్పుకి తాకట్టు పెట్టిన ఒక పడవ జప్తు చెయ్యమని పంపించారు. పొద్దున్నే వెళ్ళి ఇసకలో కూర్చున్నాను. పడవ సముద్రంలో ఉంది, కనిపిస్తూనే ఉంది. పడవలోవాళ్ళకి నేనూ కనిపిస్తున్నాను. చేపలు పట్టడం అయిపోయినా వాళ్ళు ఒడ్డుకి రారు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది. ఆ పడవ యజమాని భార్య నా పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటోంది. జాలిపడి ఇంత అన్నమూ చేపల పులుసూ పెట్టింది.

"తినీ బాబూ. పొద్దు గుంకినాక ఆళ్ళొస్తారు. అప్పుడు నువ్వు ఎల్లిపోదువు గాని" అంది.

అలాగే జరిగింది. ముద్దాయి పడవ అందుబాటులో లేదని రిపోర్టు రాశాను. పులుసు సంగతి రాయలేదు. దీన్నించి నేర్చుకోవలసింది ఏమిటంటే, అప్పులవాడి ఇంట్లో తినొచ్చు, తిన్నందుకు కాగితం మీద ఒక్క అక్షరం మార్చకూడదు. అది తప్ప ఈ ఉద్యోగంలో నీతి శాస్త్రం ఏమీ లేదు.

ప్రకాశరావు గారు

మా పైన నాజరు అని ఒక అధికారి ఉంటాడు. ఎవరిని ఎక్కడికి పంపాలో, తెచ్చిన సామాను ఎక్కడ పెట్టాలో చూసేది ఆయనే. నాకు ఆరుగురు నాజర్లు పైనున్నారు. ఇద్దరు నిద్రపోయేవారు, ఇద్దరు మామూళ్ళు పంచుకునేవారు, ఒకాయన ఎప్పుడూ సెలవులో ఉండేవాడు. మిగిలినాయన ప్రకాశరావు గారు.

ఆయన మిషన్ చర్చి మనిషి. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించి, సోమవారం మా జాబితాల్లో తప్పులు పట్టేవారు. గట్టిగా అరవడం ఆయనకి చేతకాదు. కాగితం తిప్పి మన ముందు పెట్టి, వేలు ఒక మాట మీద ఉంచి, మన మొహం చూస్తూ ఊరుకునేవారు. దానికన్నా నాలుగు తగిలించినా బాగుండేది.

"జడ్జిగారు ఆ ఇల్లు సూడరు రామ్మూర్తీ. నువ్వు రాసిందే సూస్తారు. నువ్వు గేదెని మేకని రాస్తే కోర్టులో అది మేకే" అనేవారు.

నేను తల ఊపేవాణ్ణి. మా ఇంట్లో గోడమీద బల్లి కూడా తల ఊపుతుంది.

గుంపస్వామి గారి వైభవం

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. గుంపస్వామి గారు ఆమదాలవలసలో స్టేషను దగ్గరే ఉండేవారు. ఒకప్పుడు ఎమ్మెల్యే. ఒక్కసారే గెలిచినా ఆ గెలుపుని పదిహేనేళ్ళు వాడుకున్నారు. ఆయన శంకుస్థాపన చెయ్యని స్థలం లేదు. ఆ రాళ్ళన్నీ ఏరితే ఒక్క కల్వర్టయినా పూర్తయ్యేదని జనం అనేవారు. ఒక బస్సు షెల్టరుకి రెండుసార్లు ప్రారంభోత్సవం చేశారు. రెండోసారి, మొదటిసారి వేసిన రంగు వెలిసిపోయిందని.

ఆయన వెలుగుతున్న రోజుల్లో ఒక దావాలో సమను ఇవ్వడానికి వెళ్ళాను. అరుగు మీద నలభైమంది అనుచరులు, మధ్యలో ఆయన.

"ఏటిరా ఇది, పెళ్ళి కార్డా?" అన్నారు. అందరూ నవ్వారు.

"సంతకం పెట్టాలండి" అన్నాను.

"ఇక్కడ బల్ల నేదురా. ఒంగు."

నాకు ముందు అర్థం కాలేదు. ఎవడో నా మెడ మీద చెయ్యి వేసి వంచాడు. నా వీపు మీద కాగితం పెట్టి ఆయన సంతకం చేశాడు. కలం చొక్కాలోంచి దిగి గుచ్చుకుంది. సంతకం కింద పొడుగ్గా ఒక గీత కూడా గీశాడు. ఇంటికెళ్ళాక మా ఆవిడ చొక్కా ఉతుకుతూ ఈ సిరా ఎక్కడిదని అడిగింది. ఆఫీసులో కలం పేలిందని చెప్పాను. ఇంతకుముందు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను, ఎందుకంటే తరవాత నేను చేసిన పనికి మూలం అక్కడుంది.

తరవాత రోజులు తిరగబడ్డాయి. రెండువేల పది దాటాక ఆయన వరసగా రెండుసార్లు ఓడిపోయారు. మూడు రంగుల కండువాలు మార్చారు. చివరిదాని రంగు ఆయనకే గుర్తుండేది కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీ పెడతానని పిక్కలు అరువు తెచ్చారు. ఫ్యాక్టరీకి రాయి పడింది, రేకు పడలేదు. ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు తీసుకున్న కేసులో పదకొండు రోజులు జైల్లో ఉన్నారు. విడిచిపెట్టిన రోజు ఆయన గేటు బయట సంచీ పట్టుకుని ఆటో కోసం ఒక్కరే నిలబడి ఉండటం ఎవడో ఫోనులో తీశాడు. దాని మీద ఆయన పాత ఉపన్యాసం అతికించాడు. "నాను సెయ్యెత్తితే పదివేలమంది పరిగెత్తుకొస్తారు!" అన్న చోట బొమ్మలో ఆయన చెయ్యెత్తుతాడు, ఆటో ఆగకుండా వెళ్ళిపోతుంది.

ఆ వీడియో వాట్సాపులో జిల్లా అంతా తిరిగింది. నాకు పధ్నాలుగుమంది పంపారు. పధ్నాలుగుసార్లూ చూశాను.

జప్తు రోజు

జీడిపిక్కలు అరువిచ్చిన వ్యాపారి దావా గెలిచాడు. డబ్బు రాలేదు కాబట్టి గుంపస్వామి గారింట్లో చరాస్తి జప్తు చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ప్రకాశరావు గారు అది నా చేతికే ఇచ్చారు. వీపు మీద సంతకం సంగతి ఆయనకి తెలియదు. తెలిసుంటే ఇచ్చేవారు కాదు. నేను చెప్పలేదు. మొదటి తప్పు అదే. పాత కక్ష ఉన్న ఇంటికి జప్తుకి వెళ్ళకండి, కడుపునొప్పని సెలవు పెట్టండి.

నేను వెళ్ళేసరికి వీధి నిండిపోయి ఉంది. వ్యాపారి మనుషులు ముందురోజే వాట్సాపులో పెట్టేశారట. ప్రహరీగోడ మీద జనం వరసగా కూర్చున్నారు. గుంపస్వామి గారు బనీనూ లుంగీతో వాకిట్లో కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. దానికి నాకు ఇంకా మండింది.

మొదట బీరువా తెరిచాం. సన్మాన శాలువలు అటకదాకా దొంతర్లు. కలరా ఉండల వాసనకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. వాటిని వాకిట్లోకి మోసుకొస్తుంటే, ఏడుస్తున్నాననుకుని గోడ మీదవాళ్ళు అయ్యో పాపం అన్నారు.

"అవి కట్టుబట్టలు. జప్తు సెల్లదు. నాను అసెంబ్లీలో కూకున్నోణ్ణి, సట్టం నాకు సెప్తావేటి?" అన్నారు గుంపస్వామి గారు.

"ఇన్ని కట్టుకుంటే నడవలేవు బావా!" అని గోడ మీంచి ఒకడు అరిచాడు.

తరవాత వెండి కిరీటం బయటికొచ్చింది. అభిమానులు ఒకప్పుడు స్టేజీ మీద తొడిగింది. విలువ కట్టడానికి వ్యాపారి వెంట తెచ్చుకున్న కంసాలి దాన్ని గీటురాయి మీద ఒక్క రాపు రాశాడు.

"ఎండి కాదండి. ఇత్తడికి పూత" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. గుంపస్వామి గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఏటీ! ఒరే, ఎండిదని సెప్పి దానికి నా దగ్గరే డబ్బులట్టుకెల్లినార్రా!"

తన సన్మానానికి తనే డబ్బిచ్చినట్టు ఆ మనిషి తన నోటితోనే వీధంతా చాటుకున్నాడు. గోడ మీంచి ఒకడు నవ్వుతూ పడిపోయాడు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వుకి మాత్రం ఇప్పటికీ నాకు చింత లేదు.

ఆ ఊపులో లోపలి గదిలోకి వెళ్ళాను. అక్కడ చాప మీద ఒక వీణ ఉంది. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగ తొలిచి చేసింది. దాని పక్కన చిన్నచిన్న నోటు పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఆయన భార్య అనసూయమ్మ గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"బాబూ, ఆ కిరీటాలూ శాలువలూ మీ ఇష్టం. ఇది మాత్రం నాది. మా పుట్టింటోళ్ళు ఇచ్చినారు. పిల్లలకి పాటం సెప్తన్నాను. ఆయన పింఛను లాయర్లకే సాలటం నేదు. ఇంట్లో పొయ్యి ఎలగడం దీని మీదే. సాయంత్రం క్లాసుంది" అన్నారు నెమ్మదిగా.

అది నిజమని నాకు అప్పుడే తెలుసు. వీణ మెట్ల మీద తీగ రాసుకుని గాట్లు పడి ఉన్నాయి. మనిషి బతుకుతెరువుకి వాడే పనిముట్టు జప్తు చెయ్యకూడదనీ, మొగుడి అప్పుకి పెళ్ళాం సొత్తు ముట్టకూడదనీ కొత్తగా చేరిన అమీనుకి కూడా తెలుసు.

ఇంతలో కిటికీలోంచి ఒకడు తల పెట్టి, "ఒరే, వీణ కూడా ఉన్నాదిరోయ్! మాజీ గారు జైల్లో వాయించుకుందికి!" అన్నాడు. బయట మళ్ళీ నవ్వులు. అందరూ నావైపే చూస్తున్నారు. నా వీపు మీద కలం గుచ్చుకున్న చోటు దురద పెట్టింది.

జాబితాలో రాశాను. వీణ, ఒకటి. పక్కన వివరం రాసే గడి ఉంటుంది. అక్కడ "అలంకార వస్తువు" అని రాశాను.

వీణ నేనే ఎత్తుకుని బయటికొచ్చాను. ఈలలు, చప్పట్లు. ఫోటోలు తీశారు. ఆ రాత్రికి నా ఫోటో జిల్లా అంతా తిరిగింది. మా బావమరిది ఫోను చేసి, "బావా, హీరోలాగున్నావు" అన్నాడు. రెండు రోజులు నేను కాలరెగరేసుకుని తిరిగాను.

దిండు మీద పాఠం

అనసూయమ్మ గారు వీణ తనదని కోర్టులో అర్జీ వేసుకున్నారు. ఆ విచారణ తేదీ నోటీసు ఇవ్వడానికి నేనే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. సాయంత్రం వేళ. వాకిట్లో చెప్పులు చిన్నవి ఆరేడు జతలున్నాయి.

లోపల చాప మీద పిల్లలు కూర్చున్నారు. అనసూయమ్మ గారి ఒళ్ళో పొడుగాటి బొంత దిండు ఉంది. దాని మీద బొగ్గుతో అడ్డంగా గీతలు గీశారు. ఒక పిల్ల ఆ గీతల మీద వేళ్ళు జరుపుతుంటే ఈవిడ నోటితో స్వరం పలుకుతున్నారు. పక్కబట్టలు జప్తు చెయ్యకూడదు కాబట్టి ఆ దిండు మిగిలింది. లేకపోతే దాన్ని కూడా రాసేవాణ్ణేమో.

"మునపటి కంటే సగం మందే వస్తన్నారు బాబూ. దిండు మీద నేర్సుకుందికి డబ్బులెవులిస్తారు?" అన్నారు నోటీసు మీద సంతకం చేస్తూ. బల్ల మీద పెట్టుకుని, శుభ్రంగా సంతకం చేశారు.

నేను బయటికొచ్చి స్టేషను దాకా నడిచాను. నాకు సిగ్గేసింది. ఇంతకన్నా గొప్ప మాట దొరికితే రాసేవాణ్ణి, దొరకలేదు.

మర్నాడు ప్రకాశరావు గారు నన్ను సామాన్లగదికి పిలిచారు. జప్తు సైకిళ్ళూ, మిక్సీలూ, తుప్పు ట్రంకుల మధ్య వీణ పడుకోబెట్టి ఉంది. ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు చూస్తున్నారు.

"రామ్మూర్తీ, ఇది అద్దాల బీరువాలో ఉన్నాదా?"

"లేదు సార్."

"మెట్లు నిలబెట్టే మైనం కొత్తది. తీగలు ఈమధ్యే మార్చినారు. రోజూ వాయించిన వీణ ఇది. నువ్వేటి రాసినావు?"

ఆయనకి తెలుసు. జాబితా చేతిలోనే ఉంది. వేలు ఆ రెండు మాటల మీదే ఉంది.

"వ్యాపారి లాయరు ఈ మాటనే పట్టుకున్నాడు. అమీను రిపోర్టు ప్రకారం ఇది షోకు వస్తువు, కాబట్టి వేలం వెయ్యాలంటన్నాడు. ఎవరో హోటలాయన రిసెప్షన్లో పెట్టుకుందికి అడుగుతున్నాడంట. ఆవిడ మాటకి, నీ రాతకి మధ్య కోర్టు దేన్ని నమ్ముతాది?"

"తప్పుదిద్దుకుంటే మెమో ఇస్తారు సార్. నాకు సర్వీసు కొంచెమే ఉంది."

"ఇస్తారు" అన్నారాయన. అంతే. లేచి, దుమ్ము పడకుండా వీణ మీద తన తువ్వాలు కప్పి వెళ్ళిపోయారు.

విచారణ

నేను వీరుణ్ణి కాదు. విచారణ రోజు పొద్దున్నదాకా సాకులు తయారుచేసుకున్నాను. గదిలో వెలుతురు లేదు, జనం తోసేశారు, కంగారులో రాశాను. మూడూ బాగానే ఉన్నాయి. మూడింటిలో ఏది చెప్పినా మెమో రాకుండా పోయేది.

జడ్జిగారు చిన్న వయసావిడ. ఈమధ్యే బదిలీ మీద వచ్చారు. హాలు నిండా జనం, గుంపస్వామి గారి పరువు ఇంకా ఎంత మిగిలిందో చూడ్డానికి. వ్యాపారి లాయరు లేచి నా జాబితా చదివాడు.

"అలంకార వస్తువు. ఇది మా మాట కాదండి. కోర్టువారి అమీను రాసిన మాట."

అనసూయమ్మ గారు ఒక మూల నిలబడి ఉన్నారు. లాయరుకి జవాబు చెప్పడానికి ఆవిడ దగ్గర ఏ కాగితమూ లేదు. పుట్టింటివాళ్ళు వీణ ఇచ్చేటప్పుడు రసీదు రాస్తారా?

నేను బోను దగ్గరికి వెళ్ళి, ఆ వివరం తప్పండి అన్నాను. లాయరు ఎగిరాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"అమీను గారూ, పొరపాటున రాశారా?"

ఔనంటే సరిపోయేది. ఆవిడ నాకు తలుపు తీసి పట్టుకున్నట్టే అడిగారు. నేను అనసూయమ్మ గారి వైపు చూశాను.

"కాదమ్మా. తెలిసే రాశాను."

"ఎందుకు?"

"అందరూ నవ్వుతున్నారమ్మా. ఇంకాస్త నవ్వించాలనిపించింది. ఆయన మీద నాకు పాత కోపం కూడా ఉంది. ఆ వీణ మీద ఆవిడ పిల్లలకి పాఠం చెప్తారు. ఆ రోజే చెప్పారు. విన్నాను, రాయలేదు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నా మీద. జడ్జిగారు నవ్వలేదు. వీణ వెంటనే విడుదల చెయ్యమనీ, అమీను స్వయంగా తీసుకెళ్ళి అప్పజెప్పాలనీ రాయించారు. నాకు మెమో ఇమ్మని కూడా రాయించారు. ఒక ఇంక్రిమెంటు కోశారు. న్యాయమే.

కొత్తవాళ్ళకి ఇక్కడొక మాట. పడిపోయిన పెద్దమనిషిని చూసి నవ్వడం తప్పని నేను అనను. గుంపస్వామి గారు దానికి తగినవాడే, నా పూచీ. కానీ జాబితా రాసే కలంతో నవ్వకండి. ఆ నవ్వు ఆయనకి తగల్లేదు. ఆయన చర్మం మందం. పక్కన నిలబడ్డావిడకి తగిలింది.

వీణ మళ్ళీ నేనే మోసుకుంటూ ఆ వీధిలోకి వెళ్ళాను. అరుగుల మీంచి జనం చూశారు. "అమీనుకి గుణపాఠం నేర్పినారోయ్" అని ఒకడు ఫోటో తీసుకున్నాడు. గుంపస్వామి గారు వాకిట్లో ఫోను చెవిలో పెట్టుకుని, ఈసారి టికెట్టు నాకేనని ఎవరికో గట్టిగా చెప్తున్నారు. నన్ను చూసి, లోపలికి పొమ్మన్నట్టు వేలు చూపించి మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన ఏమీ మారలేదు.

లోపల పిల్లలున్నారు. అనసూయమ్మ గారు వీణ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కొక్క తీగా మీటి, చెవి ఒగ్గి విని, బిరడాలు తిప్పారు. చాలాసేపు పట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తిట్లు వస్తాయని చూస్తున్నాను. తిడితే తల వంచుకుని వినాలనీ, ఏమీ అనకుండా వచ్చెయ్యాలనీ దారిలోనే అనుకున్నాను.

ఆవిడ తలెత్తి పిల్లల వైపు తిరిగారు.

"లెగండర్రా. మన వీణ తెచ్చిచ్చిన బాబుగారు. నమస్కారం పెట్టండి."

పిల్లలందరూ లేచి చేతులు జోడించి, ఒక్క గొంతుతో "నమస్కారమండీ" అన్నారు. వాళ్ళ మొహాల్లో వెక్కిరింత వెతికాను. లేదు. నిజంగానే పెట్టారు. నా చేతులు పైకి లేవలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికొచ్చేశాను.